సాయంత్రం కొలత

ఫిల్మ్‌నగర్,
12 ఆగస్టు 2024

కరుణకు,

తొమ్మిదేళ్ల తర్వాత నీ ఉత్తరం వచ్చింది. కవరు మీద నా పేరు కింద "బెన్‌హర్ షూ మార్ట్" అని రాశావు. ఆ పేరుతో ఇక్కడ ఇప్పుడు ఏమీ లేదు. కొట్టున్న చోట కాఫీ హోటలు పెట్టారు. ఒక్క కప్పు ముందు పెట్టుకుని మూడు గంటలు కథలు చెప్పుకునే కొత్త దర్శకులతో నిండి ఉంటుంది. నేను మేడ మీద, పాత సరుకు దాచుకునే గదిలో ఉంటున్నాను. పోస్ట్‌మాన్‌కి నేనింకా గుర్తున్నాను కాబట్టి ఉత్తరం చేరింది. అతని పెళ్లి బూట్లు నా దగ్గరవే.

నాకు చెవులు పూర్తిగా పోయాయి. ఫోను ఉంచుకోలేదు. ఆ సంగతి నీకెవరో చెప్పి ఉంటారు. లేకపోతే నువ్వూ నీ కొడుకులాగే ఫోనులోనే పని కానిచ్చేదానివి.

నువ్వు రాసింది అర్థమైంది. షుగరు ముదిరింది. చెప్పులు మానేసి, కాలికి సరిగ్గా పట్టే మెత్తటి బూట్లు వేసుకోమని డాక్టరు చెప్పాడు. నీ కొడుకు లియో ఫోనులో తెప్పించిన మూడు జతలూ కుదరక తిప్పి పంపేశారు. ఇప్పుడు నేను వచ్చి నీ కాలి కొలత తీయాలి.

ముప్పై ఆరేళ్లు కొట్టు నడిపాను కరుణా. ఈ కొండ మీద తిరిగిన పాదాల్లో సగం నా బల్ల మీద నిలబడినవే. తెరమీద ఆరడుగులు కనిపించే ఒక కథానాయకుడికి మడమలో రెండున్నర అంగుళాలు దాచి ఇచ్చింది నేను. ఆయన కూతురి పెళ్లికి లైట్‌బాయ్‌ని కూడా పిలిచారు, నన్ను పిలవలేదు. అసలు ఎత్తు తెలిసినవాడు పందిట్లో ఉండకూడదనుకున్నారేమో. తర్వాత రోజులు మారాయి. జూబ్లీ హిల్స్ నుంచి కార్లలో దిగి, ఏసీ కింద కూర్చుని, పది జతలు తొడిగి చూసి, లోపలి నంబరు ఫోనులో ఫొటో తీసుకుని "మళ్ళీ వస్తాం" అని వెళ్లేవాళ్లు. వాళ్లకు తొడగడానికి మోకాళ్ల మీద కూర్చున్నవాణ్ణి నేను. బూట్లు మాత్రం ఎక్కడి గోదాము నుంచో వాళ్ల గుమ్మానికి వెళ్లేవి. కాస్ట్యూమ్స్ చూసే రవిచంద్ర ఇరవై ఏళ్లు నా దగ్గర టీ తాగాడు. చివరికి అతనూ ఆన్‌లైన్లో కొత్త జతలు తెప్పించి, అడుగున టేపు అంటించి, పాట తీయించి, టేపు పీకి వెనక్కి పంపడం నేర్చాడు. "చూడండి సార్, ఒక్క గీత పడలేదు" అని నాకే చూపించాడు.

వాళ్లనందరినీ వదిలేశాను. నీ కొడుకుని వదల్లేదు. పెళ్లికి వారం ముందు లియో కొట్టుకు వచ్చాడు. వాడి కాలికి నేనే కొలత తీసి, గోధుమరంగు జత తొడిగాను. "రేపు చెబుతా మామయ్యా" అన్నాడు. పెళ్లిలో బలిపీఠం ముందు మోకరించినప్పుడు వాడి బూట్ల అడుగు చర్చి అంతటికీ కనిపించింది. అదే గోధుమరంగు జత. అడుగున ఆన్‌లైన్ వాళ్ల స్టిక్కరు కూడా పీకలేదు. ముందు వరసలో కూర్చుని ఆ స్టిక్కరునే చూస్తూ ఉండటం నా వల్ల కాలేదు. పాస్టరుగారు ఆశీర్వాదం మొదలుపెట్టకముందే లేచి వచ్చేశాను.

కొలత కావాలంటే లియోను రమ్మను. వచ్చి నోటితో అడగమను. నాకు వినిపించదు, అయినా అడగమను.

బెన్‌హర్

*

వెంగళరావు నగర్,
21 ఆగస్టు 2024

అన్నయ్యకు, ప్రభువు పేరిట నీ చెల్లెలి వందనాలు.

అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. కుడికంట్లో శుక్లం ఉంది. షుగరు తగ్గితే గాని ఆపరేషను చేయరట.

లియోను రెండుసార్లు అడిగాను. "మామయ్య నన్ను అంతమంది ముందు అవమానించి వెళ్లాడమ్మా, ఇప్పుడు నేనెళ్లి బతిమాలాలా" అన్నాడు. వాడు నీ మేనల్లుడు. నీ మొండితనం వాడికి రాకుండా ఎక్కడికి పోతుంది?

కానీ వాడు నన్ను బాగా చూస్తాడు. భోజనాల దగ్గర కోడలు జెరూష, వాడు కలిసి ఫోనులో బూట్లు వెతుకుతారు. పెట్టె రాగానే లియో నేల మీద కూర్చుని నాకు తొడిగి, వేలు దూర్చి చూస్తాడు. ఒకటి వేళ్ల దగ్గర ఇరుకన్నాడు, ఒకటి మడమ దగ్గర జారుతోందన్నాడు, ఇంకొకటి ఎత్తన్నాడు. మళ్ళీ పెట్టెలో పెట్టేసి పంపేస్తాడు. మా కింది వాటాలో ఉండే నాగేశ్వరి, మీ ఇంటికి బూట్లు చుట్టాల్లాగా వచ్చి పోతున్నాయి ఆంటీ అని నవ్వుతుంది.

నువ్వే రారాదా? పదకొండింటికి వస్తే లియో, జెరూష ఆఫీసుల్లో ఉంటారు, ఎవరికీ ఎదురుపడవు. చెక్‌పోస్టు దగ్గర ఆటో ఎక్కితే ఇరవై నిమిషాలు. నేనే వద్దామంటే నీ మేడ మెట్లు ఎక్కలేను.

గుడివాడలో నేను బడికి వెళ్లేటప్పుడు కాళ్లు కాలుతున్నాయని ఏడిస్తే, ఇసుకలో నన్ను నిలబెట్టి పాదం చుట్టూ పుల్లతో గీశావు. ఆ గీత ప్రకారం పాత సైకిలు ట్యూబు కోసి చెప్పులు చేసిచ్చావు. నా కాలికి మొదట కొలత తీసింది నువ్వే. అందుకే అడుగుతున్నాను, కొట్టున్నవాడివని కాదు.

నీ కరుణ

*

ఫిల్మ్‌నగర్,
2 సెప్టెంబరు 2024

కరుణకు,

మేనల్లుడు ఇంట్లో లేని వేళ చూసుకుని దొంగలాగా వచ్చే వయసు కాదు నాది. డెబ్బై ఎనిమిది.

నీ కొడుకు వేలు దూర్చి చూస్తాడన్నావు. సంతోషం. ఆ వేలు ఎక్కడ పెట్టాలో వాడికెవరు చెప్పారు? నా కొట్టులో గుమస్తాకి ఆ ఒక్క పని నేర్పడానికి రెండేళ్లు పట్టేది. కొలత సాయంత్రం తీయాలి, పగలంతా తిరిగిన పాదం ఉబ్బి ఉంటుంది కాబట్టి. మనిషిని నిలబెట్టి తీయాలి, బరువు పడితే పాదం పరుచుకుంటుంది కాబట్టి. పెన్సిలు నిటారుగా పట్టాలి. ఇవేవీ ఫోనుకు అక్కర్లేదు. దానికి ఒక అంకె చాలు. నేను రష్యను నవలలు, బెంగాలీ నవలలు, దొరికిన అనువాదమల్లా చదివినవాణ్ణి. మనుషుల గురించి వాటిలో తెలుసుకున్నది ఎంతో, అరిగిన మడమలు చూసి తెలుసుకున్నదీ అంతే. లోపలివైపు అరిగితే ఒక మనిషి, బయటివైపు అరిగితే ఇంకో మనిషి.

మన పెదనాన్న గుర్తున్నాడు కదా. డిగ్రీ చదివి జనం కాళ్లు పట్టుకుంటాడట అని ఊరంతా చెప్పాడు, పదేళ్లు నాతో మాట్లాడలేదు. పోయినప్పుడు శవపెట్టెలో ఆయన కాళ్లకు తొడిగిన నల్ల బూట్లు ఎవరు పంపారో ఆయన పిల్లలకు తెలుసు. ఆయనకే తెలియదు.

నేను రాను. కొట్టు మూసినా పాదాల పుస్తకం మాత్రం పారేయలేదు. నా దగ్గర కొలత ఇచ్చిన ప్రతి మనిషి పాదం అందులో ఉంది. నీదీ ఉంది, 1998లో తీసింది. ఆ కాగితం చించి ఇందులో పెడుతున్నాను. ఎదిగిన మనిషి పాదం మారదు. దీన్ని స్కేలుతో కొలుచుకుని నీ కొడుకు ఫోనులో ఏం తెప్పిస్తాడో తెప్పించమను. అది కుదరకపోతే అప్పుడు చూద్దాం.

బెన్‌హర్

*

వెంగళరావు నగర్,
19 సెప్టెంబరు 2024

అన్నయ్యకు వందనాలు.

నీ కాగితం అందింది. ఇరవై ఆరేళ్లు దాచావు. ఆ గీత మీద వేలు పెట్టి చుట్టూ తిప్పాను.

లియో స్కేలు పెట్టి కొలిచి, ఇది నీ కాలికంటే చిన్నదిగా ఉందమ్మా అన్నాడు. నాకు కోపం వచ్చింది. మా అన్నయ్య గీసిన గీత కంటే నీ ఫోను గొప్పదా అన్నాను. జెరూష కూడా నా వైపే మాట్లాడింది. ఆ కొలతకే తెప్పించాడు. బూడిదరంగువి, మెత్తటి గుడ్డవి. తొడిగాక ఎప్పటిలాగే వేలు దూర్చబోతే, ఇది మీ మామయ్య కొలత, నువ్వు చూడక్కర్లేదని చెయ్యి తోసేశాను.

ఎంత హాయిగా ఉన్నాయో అన్నయ్యా. అసలు వేసుకున్నట్టే లేదు. ఆదివారం చర్చికి నడిచే వెళ్లాను. ఎక్కడ కొన్నారని నాగేశ్వరి అడిగితే, కొన్నది ఎక్కడైతేనేం, కొలత మా అన్నయ్యది అని చెప్పాను.

ఇప్పుడైనా ఒకసారి వచ్చి చూసిపో.

నీ కొలత మరిచిపోని
కరుణ

*

ఫిల్మ్‌నగర్,
1 అక్టోబరు 2024

కరుణకు,

ఉత్తరం చదివాను. మూడుసార్లు చదివాను.

నువ్వు అబద్ధం చెబుతున్నావు. వేసుకున్నట్టే లేదట. చేతితో కుట్టి, నెల రోజులు తొడిగి పదును చేసిన జతకు కూడా ఎవరూ ఆ మాట అనలేదు. ఎక్కడో గోదాములో మిషను మీద కుట్టి అట్టపెట్టెలో వచ్చినవి మొదటిరోజే అలా ఉన్నాయంటే నేను నమ్మను. అంత హాయిగా ఉండే అవకాశం లేదు. ఇది నా వృత్తి, నాకు తెలుసు.

నొప్పి పుడుతూనే ఉంటుంది. పళ్ల బిగువున నడుస్తూ ఉంటావు. లియో తెప్పించింది తప్పు కాకూడదు, అంతే కదా? చిన్నప్పుడూ అంతే. నాన్న కొడతాడని వాడి తప్పూ వీడి తప్పూ నీ మీద వేసుకునేదానివి. నీ కొడుకు ఫోను గెలిచిందని ఒప్పించడానికి నాకు ఇంత తియ్యగా రాయనక్కర్లేదు. నొప్పి ఉంటే నొప్పి అని రాయి. ఆ మాట రాస్తే మిగతాది నేను చూసుకుంటాను.

బెన్‌హర్

*

వెంగళరావు నగర్,
14 అక్టోబరు 2024

అన్నయ్యా,

నన్ను అబద్ధాలకోరు అన్నది నాన్న ఒక్కడే, ఇప్పుడు నువ్వు. నొప్పి లేదు. లేనిదాన్ని ఉందని ఎలా రాయను?

అబద్ధాల సంగతి వచ్చింది కాబట్టి, లియో చెప్పొద్దన్నా ఒకటి చెబుతాను. పెళ్లిలో వాడి బూట్లు వాడు కొన్నవి కావు. పెళ్లికొడుక్కి బట్టలూ బూట్లూ పెట్టడం ఆడపెళ్లివారి ఆనవాయితీ కదా. జెరూష నాన్నగారు అడిగితే నీ దగ్గర నచ్చిన జత పేరూ నంబరూ వాడు చెప్పాడు. ఆయన నీ కొట్టుకే వస్తారనుకున్నాడు. ఆయన వైజాగులో కూర్చుని ఫోనులో తెప్పించారు. పెళ్లిరోజు పొద్దున పెట్టె విప్పేదాకా వాడికి తెలియదు. వేసుకోనంటే ఆ పెద్దాయన చిన్నబుచ్చుకుంటారని వేసుకున్నాడు. అదే సాయంత్రం నీకు చెబుదామనుకున్నాడు. నువ్వు ఆశీర్వాదందాకా కూడా ఆగలేదు. తర్వాత రెండుసార్లు కొట్టుకు వచ్చాడు, వాణ్ణి చూసి నువ్వు షట్టరు దించావు.

నేను రోజూ ఈ బూట్లతోనే తిరుగుతున్నాను. పొద్దున పార్కు చుట్టూ రెండు చుట్లు, సాయంత్రం మూడు. క్రిస్మస్ రోజు ఆరాధన అయ్యాక ఆటోలో మీ వీధి మొదటికి వచ్చి, అక్కడినుంచి ఎత్తంతా నడిచి నీ మేడ కింద నిలబడతాను. నొప్పి ఉందో లేదో నా మొహం చూసి నువ్వే చెప్పు.

కరుణ

*

ఫిల్మ్‌నగర్,
28 డిసెంబరు 2024

కరుణకు,

నీ ఉత్తరానికి రెండు నెలలు జవాబు రాయలేదు. పెళ్లిబూట్ల గురించి నువ్వు రాసింది మళ్ళీ మళ్ళీ చదివాను. నమ్మలేదని రాద్దామని మొదలుపెట్టాను. రాయలేకపోయాను.

క్రిస్మస్ రోజు మెట్లు దిగి కింద బల్ల మీద కూర్చున్నాను. పన్నెండింటి నుంచి చీకటి పడేదాకా. హోటలు వాచ్‌మన్ రెండుసార్లు వచ్చి ఏదో అన్నాడు, చేత్తో పైకి వెళ్లమన్నాడు. అతనికి నా చెవులు చూపించి కూర్చున్నాను. వీధి మొదట ఆటో ఆగినప్పుడల్లా కాళ్లవైపే చూశాను. అలవాటు.

రాలేదు. రావని నాకు ముందే తెలిసి ఉండాల్సింది. ఆ బూట్లతో ఈ ఎత్తు ఎక్కలేవు. చివరికి నేనన్నదే నిజమైంది.

బెన్‌హర్

*

వెంగళరావు నగర్,
17 జనవరి 2025

అన్నయ్యకు,

ఆసుపత్రి నుంచి నిన్న ఇంటికి తీసుకొచ్చారు. కుడి పాదం తీసేశారు.

డిసెంబరు రెండోవారంలో గదిలో ఏదో వాసన వస్తోందని జెరూష నా బూటు విప్పింది. మేజోడు ఊడిరాలేదు. చిటికెనవేలి పక్కన మొదలైన పుండు అడుగుదాకా పాకింది. నాకు కన్ను కనిపించదు, వంగలేను, చూసుకోలేదు. కట్టు కట్టే నర్సు నన్ను కోప్పడింది. "గింత పుండయ్యేదాంక నొప్పి తెల్వలేదా అమ్మా? బూటు ఇరుకైందని ఒక్కసారన్న అనిపియ్యలేదా?" అంది. మొదట వేలు తీశారు. క్రిస్మస్ ముందురోజు మడమ పైదాకా తీశారు.

నొప్పి తెలియలేదు అన్నయ్యా. రెండేళ్ల నుంచీ నా పాదాలకు స్పర్శ లేదు. అందుకే లియో వేలు దూర్చి చూసేవాడు. నీకది రాయలేదు. రాస్తే జాలిపడి వస్తావు. జాలితో కాకుండా, చెల్లెలని రావాలనుకున్నాను. అసలు వేసుకున్నట్టే లేదని రాసింది నిజమే. ఏం వేసుకున్నా నాకు అంతే. నువ్వు కొలత పంపావన్న సంతోషంలో అది నీ కొలత గొప్పతనం అనుకున్నాను.

నువ్వు అబద్ధమన్నాక ఇంట్లో కూడా విప్పలేదు.

ఆసుపత్రిలో లియో మందుల చీటీలు సర్దుతుంటే నీ కాగితం బయటపడింది. వెనక్కి తిప్పి చూశాడు. వెనక నీ చేతిరాత ఉందట. "ఉదయం, కూర్చోబెట్టి తీసిన కొలత. సాయంత్రం నిలబెట్టి మళ్ళీ తీయాలి." ఆ రోజు బస్సుకు వేళవుతోందని నేనే తొందరపెట్టాను, నాకు గుర్తొచ్చింది.

ఒక్కటే అడుగుతున్నాను. చించేటప్పుడు వెనక్కి తిప్పి చూశావా?

కరుణ

*

ఫిల్మ్‌నగర్,
24 జనవరి 2025

కరుణా,

చూశాను.

చదివాను కూడా. చదివే కవర్లో పెట్టాను. ఎదిగిన మనిషి పాదం మారదని నీకు రాసింది అబద్ధం. వయసుతో పాదం సాగుతుంది, పరుచుకుంటుంది. ఆ కొలతకు ఏది తెప్పించినా వేళ్ల పక్కన నొక్కుతుందని తెలుసు. నొక్కితే గంటలో విప్పేస్తావు, వెనక్కి పంపుతావు, నాలుగోది, ఐదోది. చివరికి లియో విసిగి నా మెట్లెక్కుతాడు. ఫోనుకు తెలియనిది నాకు తెలుసని వాడి చేత అనిపించాలి. అదీ నేను వేసిన లెక్క. నొప్పిని నమ్ముకుని వేశాను. నా వృత్తిలో నొప్పి ఒక్కటే ఎప్పుడూ మోసం చేయలేదు.

హాయిగా ఉందని నువ్వు రాస్తే అందుకే నమ్మలేదు. నొప్పి అని రాయమన్నాను. నువ్వు రాసి ఉంటే ఆ రోజే వచ్చేవాణ్ణి. నేను ఎలాంటి మనిషినో ఈ వాక్యం చదివితే నీకు తెలుస్తుంది.

స్పర్శ లేదని నాకు తెలియదని రాసి తప్పుకోవచ్చు. కానీ షుగరని నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు. షుగరున్నవాళ్లు నా కొట్టుకు ఎంతమంది రాలేదు? వాళ్లకు తొడిగాక "ఎలా ఉంది" అని అడగకూడదని, మన వేలితో మనమే చూడాలని గుమస్తాలకు నేర్పినవాణ్ణి నేను. నేర్పకుండానే లియో అదే చేశాడు. వాడి వేలు ఎక్కడ పెట్టాలో ఎవరు చెప్పారని వెటకారం చేశాను. నా పేరు చెప్పి నువ్వు వాడి చెయ్యి తోసేశావు.

అందరినీ తిట్టాను కరుణా. టేపు అంటించినవాణ్ణి, ఫొటోలు తీసుకున్నవాళ్లని, పెదనాన్నని. వాళ్లెవరూ ఒకరి కాలికి తెలిసి తెలిసి తప్పు కొలత ఇవ్వలేదు.

మంగళవారం మీ ఇంటికి వచ్చాను. పదకొండింటికి, నువ్వు చెప్పిన వేళకే. గుమ్మం పక్కన చెప్పులు విడిచే చోట బూడిదరంగు బూటు ఉంది. ఎడమది. ఒక్కటే. గంట నొక్కలేకపోయాను. యూసుఫ్‌గూడ దాకా నడిచి ఆటో ఎక్కాను.

ఎడమ కాలికైనా కొలత తీయనివ్వు. చేతుల్లో మునుపటి పట్టు లేదు కానీ ఒక్కటి కుట్టగలను. లియో గుమ్మంలో నన్ను ఏమన్నా సరే. ఎటూ వినిపించదు, అయినా నిలబడి అన్నీ అనిపించుకుంటాను.

అన్నయ్య అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

బెన్‌హర్

*

వెంగళరావు నగర్,
6 ఫిబ్రవరి 2025

అన్నయ్యకు,

నీ ఉత్తరం లియో చదివి వినిపించాడు. చివరిదాకా చదివాడు. మధ్యలో ఆగలేదు. తర్వాత గుమ్మం దగ్గరి బూటు తీసుకెళ్లి ఎక్కడో పారేసి వచ్చాడు.

నువ్వు రావద్దు. ఇది లియో మాట కాదు, నాది. నువ్వు వస్తే నేను ఏడుస్తాను, నిన్ను క్షమించానంటాను. అది నిజమో కాదో నాకే తెలియదు. అబద్ధమన్నావు కదా ఒకసారి. ఇంకోసారి ఆ మాట అనే అవకాశం ఇవ్వను.

కుట్టవద్దు కూడా. ఎడమ పాదం కూడా రక్తం ఆడక చల్లబడుతోందని డాక్టరు చెప్పాడు. ఎన్నాళ్లుంటుందో చెప్పలేనన్నాడు.

ఇందులో ఒక కాగితం పెడుతున్నాను. నిన్న ఆరింటికి లియో నన్ను చంకల కింద పట్టుకుని నిలబెట్టాడు. జెరూష నేల మీద కూర్చుని పెన్సిలు నిటారుగా పట్టుకుని గీసింది. నువ్వు రాసినట్టే చేయమన్నాను. బరువంతా ఆ ఒక్క దాని మీదే పడింది కాబట్టి బాగా పరుచుకుంది. ఇది బూటు కోసం కాదు. నీ పాదాల పుస్తకంలో నాది చించిన చోటు ఖాళీగా ఉంటుంది కదా, అక్కడ అంటించుకో.

వెనక లియో రాశాడు. నేను రాయమని చెప్పలేదు, వాడంతట వాడే రాసి చదివి వినిపించాడు.

"సాయంత్రం కొలత. నిలబెట్టి తీసింది. మళ్ళీ తీయక్కర్లేదు."

కరుణ